గ్రాఫ్‌లో ఏటవాలు గీత తేలేదాకా

పసిఫిక్ పలక (ఆ సముద్రం అడుగున ఉన్న భూమి పైపెంకు ముక్క) జపాన్ కిందికి దూరుతోందని పుస్తకాల్లో ఒక బాణం గుర్తు వేసి ఉంటుంది. ఎన్నిసార్లు చదివినా నాకది బాణం గుర్తుగానే మిగిలిపోయింది. సరే, మనమే గీసి చూద్దామని కూర్చున్నాను. అమెరికా భూగర్భ సర్వే సంస్థ భూకంపాల జాబితా ఉచితంగానే దొరుకుతుంది. ఉత్తర జపాన్ మీదుగా తూర్పు పడమరలుగా ఒక పట్టీ ఎంచుకుని, అందులోని భూకంపాల లోతులన్నీ డౌన్‌లోడ్ చేశాను.

మొదటి గ్రాఫ్ తలకిందులుగా వచ్చింది. లోతైన భూకంపాలన్నీ ఆకాశంలో తేలుతున్నాయి! అది సరిచేస్తే ఇంకో తలనొప్పి: సరిగ్గా 10 కిలోమీటర్ల దగ్గర చుక్కలతో ఒక అడ్డగీత, 33 దగ్గర ఇంకొకటి, స్కేలు పెట్టి గీసినట్టు. ఏదో కొత్త పొర కనిపెట్టేశాననే అనుకున్నాను. తీరా చూస్తే, లోతు తేలని భూకంపాలకు ఊరికే వేసే అంకెలట అవి. తీసిపారేశాను.

అప్పుడు కనిపించింది. ట్రెంచ్ దగ్గర, అంటే పలక కిందికి దూరేచోట సముద్రం అడుగున ఉండే లోతైన కందకం దగ్గర, పైపైన మొదలైన చుక్కలు పడమటికి పోయేకొద్దీ దిగుతూ, దిగుతూ, జపాన్ సముద్రం అవతల 500 కిలోమీటర్ల లోతు దాటాయి. జపాన్ భూకంప శాస్త్రవేత్త కియో వదాటి ఈ వాలును 1930ల్లోనే, కంప్యూటర్ లేకుండా పట్టుకున్నాడు. నాకు కంప్యూటర్ ఉండీ మూడు రాత్రులు పట్టింది.

2011 మార్చి 11 నాటి 9.1 తీవ్రత భూకంపం ఈ వాలుకు పైకొసన, రెండు పలకలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేచోట పడింది. కింది పలక ఏడాదికి 8 సెంటీమీటర్ల చొప్పున నెడుతూనే ఉంటుంది. పట్టు తప్పిన రోజున, ట్రెంచ్ దగ్గర ఒక్కసారిగా 50 మీటర్ల దాకా జారింది.

తర్వాత అగ్నిపర్వతాలను త్రికోణాలుగా పెట్టాను. పలక సుమారు 100 కిలోమీటర్ల లోతుకు చేరినచోట, సరిగ్గా దాని నెత్తిన మొదలయ్యాయి. రాపిడి వేడికి పలకే కరుగుతుందని అంతవరకూ నా నమ్మకం. నిజానికి పలక చల్లగా ఉంటుంది. దాని ఖనిజాల్లో ఇమిడిన నీరు ఆ లోతులో బయటపడి పైనున్న వేడి రాతిపొర మాంటిల్‌లోకి చేరుతుంది. ఉప్పు పడితే మంచు తొందరగా కరిగినట్టు, నీరు తగిలిన ఆ రాయి తక్కువ వేడికే కరుగుతుంది.

ఊపులో పెరూకి కూడా గీశాను. ఉత్తర, మధ్య పెరూలో పెట్టడానికి ఒక్క త్రికోణం లేదు. ఫైలు పాడైందేమోనని రెండుసార్లు మళ్లీ దించుకున్నాను. ఫైలు బాగానే ఉంది. అక్కడ పలక కొంత లోతుకు దిగాక అడ్డంగా తిరిగి, ఖండం అడుగునే వందల కిలోమీటర్లు పాకుతోంది. కరగడానికి మధ్యలో వేడి మాంటిల్‌కు చోటేదీ?