పరిధి దాటకుండా మియాటా అలైన్‌మెంట్: ఆటోక్రాస్ కోసం చేసిన సర్దుబాట్లు

టెక్సస్‌లో నేను ఆటోక్రాస్ పోటీలకు నడిపే కారు 2001 మోడల్ మాజ్డా మియాటా. ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నిబంధనల ప్రకారం జరిగే ఈ పోటీల్లో విశాలమైన ఖాళీ స్థలంలో కోన్లు పేర్చి, కార్లకు విడివిడిగా సమయం లెక్కిస్తారు. తగిలి పడిన ప్రతి కోనుకూ 2 సెకన్లు కలుపుతారు. స్ట్రీట్ విభాగంలో షాక్ అబ్జార్బర్లు మార్చుకోవచ్చు కాని, స్ప్రింగులు కంపెనీవే ఉండాలి. అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణాల సర్దుబాటు) కూడా కంపెనీ ఇచ్చిన సర్దుబాటు పరిధిలోనే జరగాలి. అందువల్ల ఈ పనంతా ఆ కొద్దిపాటి పరిధిలో దేన్ని వదులుకుని దేన్ని రాబట్టాలన్న లెక్కగానే సాగింది.

ఈ విషయంలో మియాటా ఉదారమైన కారు. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ (పైన ఒకటి, కింద ఒకటిగా రెండు ఆర్ములు చక్రాన్ని పట్టుకునే అమరిక) ఉండటమే కాక, ప్రతి లోయర్ ఆర్మ్ లోపలి చివరల్లో తిప్పితే ఆర్మ్‌ను లోపలికో బయటికో జరిపే క్యామ్ బోల్టులు రెండేసి ఉంటాయి. ముందు చక్రాలకు ఆ రెంటినీ సమానంగా బయటికి తిప్పితే నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం కారు వైపు వాలే కోణం) పెరుగుతుంది, ఒకదానికొకటి తేడాగా తిప్పితే క్యాస్టర్ (చక్రం స్టీరింగ్‌తో తిరిగే అక్షం పక్కనుంచి చూస్తే వాలి ఉండే కోణం) మారుతుంది. వెనక అదే తేడా టోను మారుస్తుంది, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికి (టో-ఇన్) లేదా బయటికి (టో-అవుట్) తిరిగి ఉండటాన్ని. ముందు టో మాత్రం స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్లతో సరిచేసుకోవాలి. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన కార్లలో ఈ బోల్టులు ఆర్మ్ చివర ఉండే రబ్బరు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతాయి కాబట్టి, అలాంటి కారు కొనేవారు ఇంజను కన్నా ముందు ఇవి తిరుగుతున్నాయో లేదో చూసుకోవడం మంచిది.

కొలతలన్నిటికీ నేల సమతలంగా ఉండటం ఆధారం. గ్యారేజీ నేలకు బయటివైపు వాలు ఉంది. మన తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతో నాలుగు చక్రాల చోట్లా ఎత్తులు చూసి, తక్కువైన చోట వినైల్ పలకలు పేర్చాను. ప్రతి చక్రం కింద పైరెండు పలకల మధ్య గ్రీజు పూయడం వల్ల, క్యామ్ తిప్పినప్పుడు టైరు నేలను పట్టుకోకుండా జరుగుతుంది. డ్రైవరు సీట్లో నా బరువుకు సరిపడా బియ్యం బస్తాలు, ఇసుక సంచులు పెట్టాను. ఇంత తేలికైన కారులో డ్రైవరు బరువు ఒక పక్క ఎత్తును మారుస్తుంది, ఎత్తు మారితే క్యాంబరూ మారుతుంది.

టో కోసం స్టాండ్ల మీద కారుకు రెండు వైపులా దారాలు కట్టాను. ఈ కారులో వెనక చక్రాల మధ్య దూరం ముందువాటికన్నా కొద్దిగా ఎక్కువ. అందువల్ల దారానికీ హబ్బు మధ్యకూ ఉన్న దూరం ముందు, వెనక ఒకటే కావలసిన అవసరం లేదు. కుడి ఎడమల్లో సమానమైతే చాలు. క్యాంబర్ డిజిటల్ గేజితో చూశాను. గేజి లేనివారు రిమ్ము పైఅంచుకు, కింది అంచుకు తూకపు దారం నుంచి దూరాలు కొలవవచ్చు: అంచుల మధ్య 410 మిల్లీమీటర్లుంటే, ఒక డిగ్రీకి సుమారు 7 మిల్లీమీటర్ల తేడా వస్తుంది.

వెనక నుంచి మొదలుపెట్టాను, ఎందుకంటే కారు నడిచే దిశను వెనక చక్రాల టో నిర్ణయిస్తుంది. అది రెండు వైపులా సమానంగా లేకపోతే ముందు ఎంత సరిచేసినా స్టీరింగ్ వంకరగానే నిలుస్తుంది. వెనక క్యాంబర్ −1.0 డిగ్రీ, మొత్తం టో-ఇన్ 2 మిల్లీమీటర్లుగా పెట్టాను. మలుపులో యాక్సిలరేటర్ వదిలినప్పుడు వెనక భాగం తటాలున జారకుండా ఆ టో-ఇన్ ఆపుతుంది. ముందు ఎడమ చక్రం −1.5 డిగ్రీల దాకా వెళ్లింది కాని, కుడి చక్రం −1.2 దగ్గరే ఆగిపోయింది. కొందరు ఎంత వస్తే అంత తీసుకోమంటారు. కుడి ఎడమ మలుపుల్లో కారు వేరువేరుగా ప్రవర్తించడం కన్నా ఆ 0.3 డిగ్రీ వదులుకోవడమే మేలని నా అభిప్రాయం కాబట్టి, రెంటినీ −1.2 వద్దే బిగించాను. క్యామ్‌లు దాదాపు చివరికి చేరాక క్యాస్టర్‌కు మిగిలేది తక్కువ, 4.5 డిగ్రీలతో సరిపెట్టుకున్నాను. దాన్ని కొలవడానికి చక్రాన్ని 20 డిగ్రీలు లోపలికి, 20 డిగ్రీలు బయటికి తిప్పి, రెండు క్యాంబర్ల తేడాను సుమారు 1.5తో గుణించాలి.

నట్టు బిగించేటప్పుడు క్యామ్ కొద్దిగా తిరిగిపోతుంది. బోల్టు తలను మరో స్పానరుతో కదలకుండా పట్టుకుని, కారు బరువు చక్రాల మీదే ఉండగా చివరి బిగింపు చేయాలి. గాలిలో ఉండగా బిగిస్తే కారు దించాక రబ్బరు బుష్‌లు మెలిపడి త్వరగా చిరుగుతాయి.

తర్వాతి పోటీలో టైరు ఎంతవరకు నేలకు రాసుకుంటోందో తెలియడానికి దాని భుజానికి (పక్క అంచుకు) తెల్ల షూ పాలిష్ రాసి చూశాను. ఇంతకుముందు 36 పీఎస్‌ఐ గాలి పెట్టినా భుజం మీద ఆ హద్దును చూపే త్రికోణపు గుర్తు దాటి పాలిష్ చెరిగిపోయేది, ఇప్పుడు 32 పీఎస్‌ఐకే ఆ గుర్తు దగ్గర ఆగుతోంది. అయితే స్టీరింగ్ తిప్పగానే తెలిసిన తేడా క్యాంబర్ వల్ల వచ్చింది కాదు. ముందు టోను సున్నా నుంచి మొత్తం 1.5 మిల్లీమీటర్ల టో-అవుట్‌కు మార్చడంతో, స్లాలంలో (వరుస కోన్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూ వెళ్లే చోట) కారు ముక్కు వెంటనే తిరగడం మొదలైంది. దీనికి మూల్యం హైవే మీద చెల్లించాలి: గాళ్లున్న కాంక్రీటుపై కారు అటూ ఇటూ లాగుతుంది, టైర్ల లోపలి అంచు త్వరగా అరుగుతుంది. అందుకే టై రాడ్ల మీద రెండు స్థానాలకూ పెయింట్ గుర్తులు పెట్టుకున్నాను. రెండు వైపులా సమానంగా తిప్పి, లాక్ నట్లు బిగిస్తే వారాంతపు అమరిక నుంచి సున్నాకు తిరిగి రావచ్చు. ఇరుకైన మలుపుల్లో ముందు టైర్లు ఇంకా జారుతున్నాయి కాబట్టి, తదుపరి వెనక క్యాంబర్‌ను −0.7కు తగ్గించి, అక్కడి టో-ఇన్‌ను అలాగే ఉంచి చూస్తాను.