సున్నా అని రాసినంత మాత్రాన సున్నా కాదు

ఆహార పొట్లం ముందువైపు 'ట్రాన్స్ ఫ్యాట్ సున్నా' అని పెద్ద అక్షరాలలో కనిపిస్తే, నేను ముందుగా వెనక్కి తిప్పి పదార్థాల జాబితా చదువుతాను. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు.

నికెల్ ఉత్ప్రేరకం సాయంతో వృక్ష నూనెలోకి హైడ్రోజన్ వాయువును ఎక్కించి, ఆ చర్యను మధ్యలో ఆపివేస్తే (దీన్నే పాక్షిక హైడ్రోజనీకరణ అంటారు), మిగిలిన ద్విబంధాలలో, అంటే కార్బన్ పరమాణువుల మధ్య ఉండే జంట బంధాలలో, కొన్ని ట్రాన్స్ రూపంలోకి మారతాయి. వంపు తిరిగి ఉండవలసిన కొవ్వు ఆమ్లపు గొలుసు దాంతో నిటారుగా అవుతుంది. ట్రాన్స్ ఫ్యాట్, అంటే ట్రాన్స్ కొవ్వు, ఇదే. అణువులు దగ్గరగా ఒదిగి నూనె గట్టిపడుతుంది, చాలాకాలం చెడిపోకుండా నిలుస్తుంది. తయారీదారుకు ఇది లాభమే. తినేవారి గుండెకు మాత్రం రెండు వైపులా నష్టం, ఎందుకంటే ఈ కొవ్వు చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్‌ను పెంచడమే కాక, మంచిదిగా చెప్పే హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుందని 1990లో మెన్సింక్, కటాన్ అనే నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. రోజువారీ శక్తిలో 2 శాతం ట్రాన్స్ కొవ్వుల నుంచి వస్తే గుండె ధమనుల జబ్బు ముప్పు సుమారు 23 శాతం ఎక్కువగా ఉంటుందని 2006లో వెలువడిన ఒక సమీక్ష అంచనా వేసింది. 2000 కేలరీల ఆహారంలో ఆ 2 శాతమంటే నాలుగున్నర గ్రాములకు మించదు.

ఫ్రెడ్ కుమ్మెరో అనే అమెరికన్ శాస్త్రవేత్త 1957లోనే మృతుల ధమనులలో ఈ కొవ్వులను గుర్తించారు. అక్కడి ఆహార, ఔషధ సంస్థ పాక్షిక హైడ్రోజనీకరణ నూనెలను సురక్షితాల కోవ నుంచి తొలగించింది 2015లో. అదీ ఆయన కోర్టుకు వెళ్లిన తరువాత. అప్పటికి ఆయనకు నూరేళ్లు నిండాయి. ఆహారంలోని కొవ్వులో ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించకూడదని డెన్మార్క్ 2003లోనే చట్టం చేసింది.

ఇక సున్నా సంగతి. ఒక్కో వడ్డనలో అర గ్రాము కన్నా తక్కువ ఉంటే సున్నా అని రాయడానికి అమెరికా నియమాలు అనుమతిస్తాయి. వడ్డనకు 0.4 గ్రాముల చొప్పున నాలుగు వడ్డనలు తిన్నవారికి 1.6 గ్రాములు చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రోజు పరిమితి, 2000 కేలరీల ఆహారానికి, 2.2 గ్రాములే. తయారీదారు నిర్ణయించిన వడ్డన పరిమాణాన్ని పాటించి తినేవారు ఎందరుంటారో నాకు సందేహమే.

అందుకే నేను జాబితాలో 'పాక్షికంగా హైడ్రోజనీకరించిన' అన్న మాట కోసం చూస్తాను. పూర్తిగా హైడ్రోజనీకరించిన కొవ్వులో ట్రాన్స్ దాదాపు ఉండదు, కానీ అది సంతృప్త కొవ్వు గనుక ఆ అంకెనూ పక్కనే చదవవలసి ఉంటుంది.