ముసలి రుద్రమ కోసం ఒక ఆదివారం

ఆదివారం. రాత్రి పదకొండు దాటింది. గోళ్ల సందుల్లో బంగారు రంగు ఇంకా పోలేదు. కొబ్బరినూనె రాసి రుద్దినా పోలేదు. రేపు షాపులో బిల్లు రాస్తుంటే ఎవరో ఒకరు చూసి అడగనే అడుగుతారు. అడగనీ.

పొద్దున ఆరున్నరకే స్కూటీ తీసి పానగల్ వెళ్లాను. గుడికనుకుని అమ్మ పూలు కూడా ఇచ్చి పంపింది. ఛాయా సోమేశ్వరుడికి పూలు పెట్టిన మాట నిజమే కానీ, నేను అసలు వెళ్లింది పచ్చల సోమేశ్వరాలయంలో శిల్పాల చేతులు చూడటానికి. దండకడియం మోచేతికి ఎంత పైన ఉంది, చెవి కమ్మ భుజానికి తగులుతుందా లేదా, నడుము పట్టీకి వేలాడే గొలుసులు ఎన్ని వరసలు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వచ్చానో ఈ గుడికి. ఒక్కసారి కూడా ఒక్క బొమ్మ చేతిని చూడలేదు. స్తంభానికి ఆనుకుని ఫొటోలు దిగి, పులిహోర తిని వచ్చేశాం అంతే. ఈసారి నోట్‌బుక్‌లో నాలుగు పేజీలు గీసుకున్నాను. ఊడ్చే ఆమె వచ్చి చూసి, "పరీక్షనా బిడ్డా?" అంది. "కాదమ్మా, వేషం కడుతున్న" అన్నాను. "మంచిదే" అని ఊడ్చుకుంటూ పోయింది.

ఈ "వేషం కడుతున్న" అనే మాట నోట్లోంచి రావడానికి నాకు మూడేళ్లు పట్టింది. కాస్‌ప్లే, అంటే నచ్చిన పాత్రలా వేషం కట్టడం, అంటే ఎవరికీ అర్థం కాదు. కాస్ట్యూమ్, ప్లే అనే రెండు మాటలు కలిపి 1980ల్లో జపాన్ వాళ్లు చేసుకున్న మాట అని చెబితే ఇంకా అర్థం కాదు. బజారులో చెప్పుల సామాను అమ్మే షాపుకి మొదటిసారి కవచం చేసే ఫోమ్ షీటు కోసం వెళ్లినప్పుడు "తమ్ముడి స్కూల్ ప్రాజెక్టుకి" అని అబద్ధం చెప్పాను. నాకు తమ్ముడే లేడు. ఆ అబద్ధం వల్ల ఎన్ని ఎంఎం షీటు కావాలో, దేనికి ఏ జిగురు వాడాలో అడగలేకపోయాను. అడిగితే దొరికిపోతానని భయం. మూడోసారి వెళ్లినప్పుడు చిరిగిన అంచులు చూపించి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన నా ముక్కను అటూ ఇటూ తిప్పి, "నీ బ్లేడుకు పదును లేదు బిడ్డా. షీటును కోస్తలేవు, చింపుతున్నవ్" అన్నాడు. బ్లేడును పడుకోబెట్టి ఒకే లాగులో ఎలా కోయాలో చూపించాడు. అంచులో మిగిలిన ముక్కలు ఊరికే ఇచ్చాడు.

ఈసారి వేషం రుద్రమదేవి. అందరూ కట్టే పడుచు రుద్రమ కాదు. మా నాయనమ్మ పుట్టిల్లు నకిరేకల్ దగ్గర. పక్కనే చందుపట్ల. అక్కడి శిలాశాసనం 1289లో రుద్రమ చనిపోయిందని చెబుతుంది. ఆమె ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది ఆ రాయి వల్లే. అప్పటికి పెద్ద వయసు మనిషి అంటారు చరిత్రకారులు. దాదాపు ఇరవై ఏడేళ్లు రాజ్యం చేసి, ముసలితనంలో కూడా యుద్ధానికి కదిలిన మనిషి. నాకు ఆ రుద్రమ కావాలి. నెరిసిన జుట్టు, సడలిన చెంపలు, కవచం కింద కొంచెం వంగిన వీపు.

కవచం అచ్చు పోయిన వారమే తీశాం. పాత టీషర్టు వేసుకుని, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, ఆపైన టేపు అంటించాలి. అతుకులు ఎక్కడ రావాలో స్కెచ్ పెన్నుతో గీసి వీపు మీద కత్తిరించి తీస్తే మన ఒంటి ఆకారం దిగుతుంది. అమ్మే టేపు చుట్టింది. నడుము దగ్గరికి రాగానే చెయ్యి ఆపింది. 'లావైనవ్' అంటుందనుకుని నేను అప్పటికే పొట్ట లోపలికి పీల్చాను. "ఊపిరి బిగబట్టకు. మామూలుగా నిలబడు. రేపు తొడిగినంక నువ్వు ఊపిరి తీసుకోవద్దా?" అంది. నిజమే. ఎనిమిదో తరగతి నుంచి ఫొటో అంటే పొట్ట పీల్చడమే నాకు తెలుసు. పీల్చి కొలిస్తే కవచం పట్టదు. టేపు మీద 34 అని రాశాం, అంతే, అది కొలత. దాని గురించి ఇంట్లో ఇంకో మాట రాలేదు.

మధ్యాహ్నం భుజం ముక్కలు అతికించాను. ఈ జిగురుకి ఒక గుణం ఉంది. రెండు ముక్కలకూ పూసి, వేలికి అంటుకోనంత ఆరేదాకా పది నిమిషాలు ఆగాలి. ఆగకపోతే నిలవదు. ఆగి అతికిస్తే ఇక కదలదు, వంకరగా పడితే వంకరే. ఎడమ భుజం వంకరగానే పడింది. రెండేళ్ల క్రితం ఇలాగే అయినప్పుడు హెల్మెట్ మొత్తం ఎత్తి గోడకు కొట్టాను. ఇవాళ కొట్టలేదు. ఓపిక పెరిగిందని రాసుకుంటే గొప్పలు పోయినట్టే. కాగితం అచ్చుల మీద ఎడమ, కుడి, పైన, కింద అని రాసి కవర్లో దాచుకోవడం అలవాటైంది. ఇరవై నిమిషాల్లో ఇంకో భుజం కోసుకోగలనని తెలిస్తే కోపం రాదు. షాపులో కూడా అంతే. ఇదివరకు లెక్క తేడా వస్తే ఏడుపొచ్చేది. ఇప్పుడు ఎక్కడిదాకా సరిపోయిందో అక్కడ పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటున్నాను, తేడా వస్తే అక్కడి నుంచే చూసుకుంటాను.

ఆ తర్వాత వేడిగాలి మిషన్‌తో ముక్కల్ని కాచి, మోకాలి మీద పెట్టి వంచి, ఫెవికాల్‌లో నీళ్లు కలిపి మూడు పూతలు వేశాను. పూత లేకపోతే ఫోమ్ రంగును తాగేస్తుంది. ముందే ఆరిన దండకడియాలకు బంగారు రంగు కొట్టాను. మధ్యలో కరెంటు పోయింది, వచ్చింది.

సాయంత్రం నాయనమ్మను చూస్తూ కూర్చున్నాను. ఆమెకు చెప్పలేదు. మంచం మీది నుంచి లేచేటప్పుడు ముందు చెయ్యి మోకాలి మీదికి వెళ్తుంది. ఒక్క క్షణం ఆగుతుంది. తల లేవదు, వీపు లేస్తుంది. తల అన్నిటికంటే చివర. ఇరవై ఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం.

"ఏందే అట్ల జూస్తున్నవ్?" అంది. చెప్పాను. నవ్వి, తన చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన పగటి వేషాల వాళ్ల సంగతి ఎత్తుకుంది. రోజుకో వేషం కట్టేవాళ్లట, చివరి రోజు ఇంటింటికీ తిరిగి అడుక్కునేవాళ్లట. పోలీసు వేషం చూసి నిజం పోలీసనుకుని వాళ్ల పెదనాయిన గడ్డివాము వెనక దాక్కున్నాడట. ఆయన ఏం తప్పు చేశాడో మాత్రం చెప్పలేదు.

సరే, తొడిగి చూపించమంది. అతుకులు ఆరినంతవరకు తొడుక్కుని, కత్తి తీసి, ఆమెలాగే వంగి నిలబడ్డాను. కత్తి కూడా ఫోమే, ఇలా వేషాలు కట్టినవాళ్లం వెళ్లే కామిక్ కాన్ అనే వేడుకలో అసలు కత్తిని లోపలికి రానివ్వరు. నాయనమ్మ అద్దాలు సర్దుకుని కిందినుంచి పైదాకా చూసింది.

"నడుం మంచిగొచ్చింది. గా కత్తేందే, చీపురు పుల్ల లెక్క పట్టినవ్? ముసలామెకు గది బరువు గాదా?"

అందుకే రాత్రి అన్నం తిన్నాక రెండు కిలోల కందిపప్పు సంచి కుడిచేత్తో పట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరిగాను. మణికట్టు ఎటు వాలుతుంది, భుజం ఎంత దిగుతుంది, రెండో చెయ్యి ఎప్పుడు సాయం వస్తుంది, అద్దంలో చూసుకుంటూ. అమ్మ టీవీ ముందు నుంచి రెండుసార్లు చూసింది. ఏమీ అనలేదు. పడుకునేముందు పప్పు డబ్బాలో పోయడం మర్చిపోవద్దంది.