కార్తవీర్యార్జునుడూ, కీ ఇచ్చే వాచీ

ఇంట్లో ఏదైనా కనబడకపోతే మా అమ్మ వెతకడం మొదలుపెట్టకముందే పెదాలు కదుపుతుంది. తాళంచెవి, కళ్లజోడు, చెవిదిద్దు శీల, ఏదైనా సరే, ఆ రెండు పంక్తులే.

కార్తవీర్యార్జునో నామ రాజా బాహుసహస్రవాన్ ।
తస్య స్మరణమాత్రేణ గతం నష్టం చ లభ్యతే ॥

కార్తవీర్యార్జునుడని వెయ్యి చేతుల రాజు ఒకడున్నాడు, ఆయన్ని తలుచుకుంటే చాలు, పోయినదీ కనబడకుండా ఉన్నదీ దొరుకుతుంది అని అర్థం. కొందరు ‘గతం’ అన్నచోట ‘హృతం’ అని చదువుతారు. హృతం అంటే ఎత్తుకుపోయినది. చిన్నప్పటి నుంచీ వింటున్న శ్లోకమే అయినా ఈ పాఠాంతరం నా చెవికి పట్టింది మాత్రం ఈమధ్యే, మా చెల్లెలి కూతురి హాస్టల్ గదిలో దొంగలు పడ్డాక.

పిల్లకి పంతొమ్మిదేళ్లు. సెలవురోజు సాయంత్రం గదిలో ఎవరూ లేనప్పుడు తాళం పగలగొట్టి, బీరువాలోని సంచీ పట్టుకుపోయారు. అందులో లాప్‌టాప్ ఉంది. అది పెద్ద నష్టమే, కానీ ఇవాళ కాకపోతే ఏడాదికైనా మళ్లీ కొనుక్కోవచ్చు. కొనుక్కోలేనివి రెండున్నాయి. ఒకటి మా నాన్నగారి చేతి వాచీ. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాల్సిన పాతరకం. ఇంటర్ పాసైన రోజున నేనే దాని చేతికి కట్టాను. ఎప్పుడూ చేతికుండేదే, ఆరోజు వర్షం వచ్చేలా ఉందని తీసి సంచీలో పెట్టి బయటికెళ్లిందట. రెండోది సంగీతం నోటుపుస్తకం. ఏడో తరగతి నుంచి నేర్చుకున్న ప్రతి కీర్తనా స్వరాలతో సహా అందులో ఉంది. అంచుల్లో టీచరుగారు పెన్సిలుతో పెట్టిన గుర్తులున్నాయి. ఆ టీచరుగారు ఇప్పుడు లేరు.

ఫోన్ చేసినప్పుడు ఏడవలేదు. “పెద్దమ్మా, తాతయ్య వాచీ పోయింది. నన్ను తిట్టు” అంది. తిట్టలేదు. కానీ దాచడమెందుకు, ఒక్క మాట నోటిదాకా వచ్చి ఆగింది. మా అమ్మ నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, “ముందు పోలీసులకి కాయితం రాసివ్వు తల్లీ, ఆ తర్వాత శ్లోకం చదువుకో. వరస తప్పొద్దు” అంది. నాకు తెలిసినంతలో ఈ శ్లోకానికి ఇంతకంటే మంచి వినియోగం ఎవరూ చెప్పలేదు.

కాయితం రాసిచ్చింది. హాస్టల్ వాళ్లు కెమెరాలు పెట్టిస్తామని మర్నాడు చెప్పారు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరగడం అంటే ఇదే. ఇక పిల్ల రోజుకు 108 సార్లు చొప్పున జపం మొదలుపెట్టింది. నాలుగో రోజు ఫోన్లో ఒక సందేహం అడిగింది.

ఆ సందేహం అర్థం కావాలంటే ఆ రాజు సంగతి కొంచెం తెలియాలి. కార్తవీర్యుడు హైహయ వంశంవాడు. నర్మద ఒడ్డున మాహిష్మతి ఆయన రాజధాని. దత్తాత్రేయుణ్ణి సేవించి వెయ్యి చేతులు వరంగా పొందాడు. రావణుణ్ణి పట్టి కట్టేసి మళ్లీ వదిలేసినవాడు. 85,000 ఏళ్లు ఏలాడనీ, ఆయన రాజ్యంలో ఎవరి వస్తువూ పోయేది కాదనీ పురాణాలు చెబుతాయి. కాళిదాసు మాట ఇంకా గట్టిది. రఘువంశం ఆరో సర్గలో అంటాడు, జనంలో ఎవరికైనా చెడ్డపని చెయ్యాలన్న తలపు పుడితే చాలు, అదే క్షణంలో ఈ రాజు విల్లు పట్టుకుని ఎదురుగా నిలబడేవాడని. దొంగతనం చేతిదాకా రాకముందే మనసులోనే ఆపేసేవాడన్నమాట. ఏ సీసీ కెమెరాకీ అంత చేతకాదు.

అంతటివాడు ఒకనాడు వేటకొచ్చి, జమదగ్ని మహర్షి ఆశ్రమంలో సైన్యంతో సహా ఆతిథ్యం పొందాడు. అంతమందికీ అన్నీ సమకూర్చింది ఆశ్రమంలోని హోమధేనువని తెలుసుకుని దానిమీద కన్నేశాడు. ఆవు అరుస్తున్నా వినకుండా భటులు దాన్ని దూడతో సహా మాహిష్మతికి తోలుకుపోయారు. పరశురాముడు ఇంటికొచ్చి సంగతి విని గొడ్డలి తీసుకుని బయల్దేరాడు. వెయ్యి చేతులూ తెగాయి. తల కూడా తెగింది.

“పెద్దమ్మా, ఆయనే ఒకరి ఆవుని ఎత్తుకుపోయాడు కదా. పోయిన వస్తువు కోసం మళ్లీ ఆయన్నే అడగాలా?”

నాకు జవాబు తోచలేదు. పక్కనుంచి మా అమ్మ అందుకుంది. “పోగొట్టుకుంటే ఎలా ఉంటుందో ఆయన కంటే బాగా ఎవరికి తెలుసే? చేతులే పోగొట్టుకున్నాడు.”

ఇది ఏ వ్యాఖ్యానంలోనూ ఉండదు. ఉంటే బాగుండేది.

అయితే చాలామంది పరశురాముడి గొడ్డలి దగ్గరే కథ ఆపేస్తారు. ఆ తర్వాత ఆవూ దూడా ఆశ్రమానికి తిరిగొచ్చాయి. కొడుకు గెలిచొచ్చాడు. తండ్రి భుజం తట్టాలి కదా. జమదగ్ని అన్నది ఇదీ, పోతన మాటల్లో:

క్షమ గలిగిన సిరి గలుగును
క్షమ గలిగిన వాణి గలుగు సౌర ప్రభయున్
క్షమ గలుగఁ దోన కలుగును
క్షమ గలిగిన మెచ్చు శౌరి సదయుఁడు తండ్రీ!

ఓర్పు ఉన్నచోటికే సిరీ, చదువూ, సూర్యుడిలాంటి వెలుగూ వచ్చి చేరతాయి, ఓర్చుకున్నవాణ్ణే దయగల శౌరి, అంటే విష్ణువు, మెచ్చుకుంటాడు అని. మనలో చాలామందిమి ఈ పద్యాన్ని బడిలో అప్పజెప్పి మార్కులు వేయించుకున్నవాళ్లమే. కానీ ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారన్నది నాకైతే బడిలో ఎవరూ చెప్పలేదు. హాయిగా కూర్చున్నవాడు చెప్పిన నీతి కాదది. సొత్తు దోపిడీ అయినవాడు, తన కోసమే కోపం తెచ్చుకున్న కొడుకుని ‘తండ్రీ’ అని పిలిచి మరీ చెప్పిన మాట.

ఇంకొకటి చూడండి. ‘ఆవుని వెనక్కి తోలేసి రా’ అని జమదగ్ని అనలేదు. ఆవు ఆయనది, ఆయన ఇంట్లోనే ఉంది. ఆయన తప్పుపట్టింది చంపడాన్ని. రాజుని చంపావు, తీర్థాలు సేవించి ఆ పాపం కడుక్కో అన్నాడు, పరశురాముడు ఏడాది తిరిగొచ్చాడు. నాది నాకు కావాలనుకోవడం వేరు, తీసుకున్నవాడు సర్వనాశనం కావాలనుకోవడం వేరు. మనం ఈ రెండూ కలిపేస్తాం. అందుకే వస్తువు పోయిన పిల్లని పట్టుకుని “పోనీలే, క్షమించెయ్, కంప్లయింటు అదీ ఎందుకు” అంటాం. అడగడం మానేస్తేనే క్షమ అయినట్టు.

(ఆ కథ అక్కడితో చల్లారలేదన్నదీ నిజమే. చచ్చిపోయిన రాజు కొడుకులు పగబట్టి జమదగ్ని తల నరికారు. దానికి పరశురాముడు 21 సార్లు దండెత్తాడు. ఒక్క ఆవుతో మొదలైంది ఇదంతా.)

ఇదంతా మాకు పుస్తకంలో సంగతిగానే ఉండిపోయేదేమో. కానీ హాస్టల్లో మర్నాటికే ఒక పేరు బయటికొచ్చింది. గదులు ఊడ్చే ఒకమ్మాయి. ఎవరూ ఏమీ చూడలేదు, అయినా అందరికీ తెలుసట. “ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడు, మనమే పట్టాలి” అని ఎవరో అన్నారట. ఆ అమ్మాయి పేరు కాయితంలో చేర్చమని దీన్ని పోరు పెట్టారు. “నేను చూళ్లేదు, చూడనిది ఎలా రాస్తాను?” అని ఒక్కటే మాట మీద నిలబడింది. వాచీ పోయిందని నాలుగు రోజులుగా సరిగ్గా నిద్రపోని పిల్ల అది. ఆ స్థితిలో ఎవరో ఒకరిని దొంగని చేసేస్తే మనసుకి ఎంత తేలిగ్గా ఉంటుందో నాకు తెలుసు. నేనైతే ఏం చేసేదాన్నో గట్టిగా చెప్పలేను. పోతన పద్యంలో ‘క్షమ’ అన్న మాట అయిదారేళ్లుగా నేను పిల్లలకి చెబుతున్నాను. అది పనిలో ఎలా ఉంటుందో ఆ ఫోన్లోనే విన్నాను.

అన్నిటికంటే దానికి కోపం తెప్పించింది దొంగ కాదు, ఓదార్చినవాళ్లు. “వస్తువే కదా” అన్నవాళ్లు. వాళ్ల పక్షానా శాస్త్రం ఉంది. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదుమహారాజుకి తన ఇరవై నలుగురు గురువుల గురించి చెబుతాడు. ఆ అవధూత దత్తాత్రేయుడేనని సంప్రదాయం, అంటే మన కార్తవీర్యుడి గురువే. ఆ గురువుల్లో కురరం అనే వేటపక్షి ఒకటి. అది నోట మాంసం ముక్క పట్టుకుని ఎగురుతుంటే, ఏమీ దొరకని బలమైన పక్షులు మీదపడి పొడుస్తాయి. ముక్క వదిలేసింది, సుఖపడింది. శిష్యుడేమో పోయినవి తెచ్చిపెట్టే రాజు, గురువేమో వదిలేసిన పిట్ట దగ్గర పాఠం నేర్చుకున్నవాడు. రెండూ ఒకే ఇంటి విద్యలు కావడం నాకు భలే నచ్చింది.

కానీ పిట్ట తనంతట తాను వదిలింది. మా పిల్ల దగ్గర లాక్కున్నారు. లాక్కోబడ్డవాళ్లకి ‘వదిలెయ్’ అని పైవాళ్లు చెప్పే పాఠం కాదది. అసలు ఆ అవధూత కూడా కథ మొదలుపెట్టేముందు ‘యద్యత్ ప్రియతమం నృణామ్’ అంటాడు, మనుషులకి ఏదేది ఎంతో ఇష్టమో దాన్ని పట్టుకుని ఉండడమే దుఃఖానికి దారి అని. ఇష్టమైనదని ముందు ఒప్పుకున్నాకే మిగతాది చెప్పాడు. “వస్తువే కదా” అనలేదు.

పది రోజులకి ఒక కొత్త నోటుపుస్తకం కొనుక్కుంది. మొదటి పేజీలో సరళీ స్వరాల నుంచి మొదలుపెట్టింది. టీచరుగారు నేర్పిన వరసలోనే, ఒకటి పాడుకోవడం, రాసుకోవడం. కొన్ని రాలేదు. రానిచోట రెండు గీతల జాగా ఖాళీగా వదిలేసింది. పెన్సిలు గుర్తులు కూడా గుర్తున్నంతవరకూ పెట్టింది, పెన్నుతో కాదు, పెన్సిలుతోనే. ఫోటో తీసి పంపితే చూశాను. ఒకచోట గుర్తు పెట్టి, చెరిపి, రెండక్షరాలు పక్కకి జరిపి మళ్లీ పెట్టింది. టీచరుగారు ఎక్కడ గమకం ఆపమన్నారో చెవిలో వెతుక్కుంటూ చేసిన పని అది, చూడగానే తెలిసిపోతుంది.

ఆ ఫోటో చూసినప్పుడే శ్లోకంలోని ‘నష్టం’ మీద మనసు ఆగింది. మనకి నష్టం అంటే చేతిలోంచి జారిన డబ్బు. సంస్కృతంలో దాని ధాతువు అర్థం వేరు. ‘ణశ అదర్శనే’ అని ధాతుపాఠం, అంటే సంస్కృత ధాతువుల పట్టిక, చెబుతుంది. అదర్శనం, అంటే కనబడకపోవడం. లేకుండా పోవడం తర్వాతి మాట. భాగవతం నవమ స్కంధంలో కార్తవీర్యుణ్ణి ‘అనష్టవిత్తస్మరణః’ అన్నారు. ఆయన స్మరణ వల్ల సొత్తు పోదని ఒక అర్థం. సొత్తూ, జ్ఞాపకమూ రెండూ చెడనివాడని ఇంకో అర్థం చెప్పినవాళ్లూ ఉన్నారు. శ్లోకంలో ‘తస్య స్మరణమాత్రేణ’ అంటే ఆ రాజుని తలుచుకుంటే అనే, అందులో సందేహం లేదు. అయినా ఆ పిల్ల గీతల మధ్య ఖాళీలు చూశాక, ‘స్మరణ’ అన్న మాట నాకు పాత అర్థంలో మాత్రమే వినబడడం మానేసింది. పండితులు కోప్పడితే పడనీ.

మొన్న సెలవులకి వచ్చింది. సంచీ దొరకలేదు. పోలీసులిచ్చిన రసీదు మడిచి మా అమ్మ దేవుడి గూట్లో పెట్టుకుంది. పొద్దున్నే లేచి చూస్తే పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. ఎడమచేతి మణికట్టు మీద పట్టీ ఉండే చోట చర్మం ఇంకా కొంచెం తెల్లగానే ఉంది. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో చిన్నగా, ముందుకీ వెనక్కీ తిప్పుతోంది. పెదాలు కదులుతున్నాయి.

“ఇంకా వాచీ కోసమేనా?” అన్నాను.

వేళ్లు ఆపకుండానే తలూపింది. “దొరికితే మంచిదే పెద్దమ్మా. కానీ కీ ఇచ్చే టైము ఖాళీగా ఉండిపోతోంది. అప్పుడు ఇది చదువుకుంటున్నా.”