రహస్య విమానాల జాడ తీయడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు ఇళ్లల్లో పెద్దవాళ్లు కూర్చుంటే రెండో ప్రపంచ యుద్ధకాలం కబుర్లు ఇప్పటికీ వస్తాయి. రంగూన్ నుంచి నడిచొచ్చిన చుట్టాలు, దీపాల్లేకుండా అర్ధరాత్రి పోయిన విమానాలు, కొండమీద పడిన రేకులు. ఇందులో నిజమెంతో తేలాలంటే కథను వదిలి విమానం నంబరు పట్టుకోవాలి. గూఢచారిని దింపిన సంగతి ఎంత దాచినా ఆ విమానానికి పెట్రోలు పోశారు, ఇంజన్ మార్చారు, తిరిగి రాకపోతే లెక్కలోంచి కొట్టేశారు. ఇవన్నీ మామూలు గుమాస్తాలు రాసిపెట్టిన పద్దులే.

బర్మా వైపు పనులకు మొదట చూడాల్సింది బ్రిటిష్ వాయుసేన 357 స్క్వాడ్రన్ (విమాన దళం). 1944 ఫిబ్రవరి 1న బెంగాల్లోని దిగ్రీలో ఏర్పడింది. బ్రిటిష్ రహస్య సంస్థ ఫోర్స్ 136 మనుషుల్నీ సామాన్లనీ జపాన్ సైన్యం వెనక దించడం దీని పని. లిబరేటర్లు, హడ్సన్లు, డకోటాలు, తరవాత లైసాండర్లు వాడారు. మద్రాసు రెడ్‌హిల్స్ చెరువు మీద దిగే కాటలీనా నీటి విమానాలు కూడా మొదట దీనివే. 1944 మార్చిలో అవి 628 స్క్వాడ్రన్ అయ్యాయి. అదే ఏడు నవంబరులో కోలారులో 358 వచ్చింది.

వీటి రోజువారీ రికార్డులు లండన్ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 వరసలో ఉంటాయి. స్క్వాడ్రన్ నంబరు, నెల ఇచ్చి వెతకాలి. అందులో ఫారం 540 చదివి సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ. అది సారాంశం మాత్రమే, అసలు సరుకు ఫారం 541లో ఉంటుంది: విమానం రకం, నంబరు, సిబ్బంది పేర్లు, ఎగిరిన టైము, దిగిన టైము. అందులో పని ఏమిటో రాసేచోట సంకేతనామం తప్ప ఇంకేమీ లేకపోతే ఆ పేరు పట్టుకుని హెచ్ఎస్ 1 వరసకు పోవాలి. తూర్పు దేశాల రహస్య కార్యకలాపాల ఫైళ్లు అందులో ఉన్నాయి.

చాలామంది బోర్లాపడేది టైము దగ్గర. 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా మన గడియారం గ్రీనిచ్ కంటే ఆరున్నర గంటలు ముందుండేది, ఇప్పటిలా అయిదున్నర కాదు. సాయంత్రం 6:30కి లేచి తెల్లారి 5:30కి దిగిన విమానం గ్రీనిచ్ లెక్కలో మధ్యాహ్నం 12:00కి లేచి అదే రోజు రాత్రి 11:00కి దిగినట్టు. ఇంటి ఉత్తరంలో ఒక తేదీ, గ్రీనిచ్ లెక్కలో రాసిన పద్దులో ఇంకో తేదీ ఉంటే అబద్ధమని తోసెయ్యకండి. తారణ, పార్థివ నామ సంవత్సరాల పంచాంగం దొరికితే పక్కన పెట్టుకోండి. చీకట్లో నేలను గుర్తుపట్టాలి కనుక ఇలాంటి పనులు ఎక్కువగా వెన్నెల రాత్రులకే పెట్టుకునేవాళ్లు. అమావాస్యనాడు మనుషుల్ని దింపారని ఎవరన్నా అంటే ఇంకో ఆధారం అడగాలి.

విమానం పక్కన పెద్దగా రాసిన అక్షరం దాని నంబరు కాదు. విమానం పోతే అదే అక్షరాన్ని కొత్తదానికి రాసేవాళ్లు. సీరియల్ నంబరు మాత్రం ఒక్క విమానానికే. అమెరికా విమానమైతే తోకమీద సంవత్సరం మొదటి అంకె ఉండదు: 42తో మొదలయ్యే నంబరు 2తో కనిపిస్తుంది.

శకలం దొరికితే సిలిండర్లు లెక్కపెట్టండి. లైసాండర్ మెర్క్యురీ ఇంజన్‌కి ఒకే వరసలో 9. లిబరేటర్‌కీ డకోటాకీ రెండు వరసల్లో 14, అంచేత ఇంజన్ ఒక్కటే చూసి ఆ రెంటినీ విడదీయలేం. అమెరికా రవాణా విమానం సీ-46కి 18. ప్లేటు మీద మట్టిని బ్రష్‌తో మెల్లగా తీసి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫొటో తియ్యండి. అమెరికన్ విమానమైతే గల్లంతైన సిబ్బంది రిపోర్టులో ఇంజన్ల నంబర్లు, మెషిన్‌గన్ల నంబర్లు కూడా ఉంటాయి, సరిపోల్చుకోవచ్చు. సునాబెడ హెచ్ఏఎల్‌లో చేసి రిటైరైన తెలుగువాళ్లు ఎవరైనా తెలిస్తే ఫొటో చూపించండి. వాళ్లది జెట్ ఇంజన్ల ఫ్యాక్టరీయే అయినా అరిగిన ముద్రలు చదవడంలో చెయ్యి తిరిగినవాళ్లు. బాంబులా, తూటాలా కనిపించేది మాత్రం ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండి.

1962 చైనా యుద్ధం తరవాతి కథలకు దారి వేరు. కటక్ దగ్గరి చార్‌బాటియా విమానస్థావరం నుంచి అమెరికా గూఢచారి విమానం యూ-2 మొదటిసారి ఎగిరింది 1964 మే 24న. మూడు రోజులకే నెహ్రూ పోవడంతో పని ఆగింది. డిసెంబరులో మళ్లీ వచ్చి మూడుసార్లు ఎగిరారు. 1967 జులైలో అక్కడ దుకాణం కట్టేశారు. ఈ తేదీలు సీఐఏ 2013లో బయటపెట్టిన తన సొంత చరిత్రలోవి. 1998లో ఇచ్చిన ప్రతిలో భారత్ సంగతి కొట్టేసి ఉంది, కాబట్టి ఏ ప్రతి చదువుతున్నారో చూసుకోండి. చైనా యుద్ధం జరుగుతుండగానే ఇక్కడ యూ-2ని చూశామంటే ఆ లెక్క కుదరదు.

మనవైపు నిఘా విమానాలు నడిపే ఏవియేషన్ రీసెర్చ్ సెంటర్‌ని సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్లో మినహాయించారు, అక్కడ దరఖాస్తు పెడితే తిరిగొస్తుంది. రన్‌వేకి తీసుకున్న భూమి ఫైలు మాత్రం రెవెన్యూవాళ్లది. కలెక్టరేట్‌లో అడగండి, పాతదైతే భువనేశ్వర్ స్టేట్ ఆర్కైవ్స్‌లో. గంజాం, కోరాపుట్ 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి కనుక అంతకుముందు సర్వే కాగితాలకు చెన్నై ఎగ్మోర్ వెళ్లాలి. భూమి సెటిల్‌మెంట్లలో (కొత్తగా కొలిచి లెక్క రాసేటప్పుడు) సర్వే నంబర్లు మారిపోతాయి. దరఖాస్తులో పాత నంబరు, కొత్త నంబరు, ఊరి పేరు మూడూ రాయకపోతే ఫైలు లేదనే జవాబే వస్తుంది.