112 ఎవరిది?

ఈరోజు తెల్లవారుజామున ఐదున్నరకే మెలకువ వచ్చేసింది. రేపల్లె వైపు పోయే బండి కూత వేసుకుంటూ వెళ్ళింది. తెనాలిలో మా ఇంటికీ పట్టాలకీ మధ్య నాలుగు సందులే. పుట్టినప్పటి నుంచి వింటున్న కూత కాబట్టి దానికి నా నిద్ర చెడదు. లేచింది బండి వల్ల కాదు. కడుపులో బుజ్జి ఇంకా కదలలేదు, అందుకని.

33 వారాలు నిండాయి. మామూలుగా నేను లేచి అటు నుంచి ఇటు తిరిగితే చాలు, అది కూడా ఓ మూల నుంచి ఇంకో మూలకు సర్దుకుంటుంది. ఈరోజు సర్దుకోలేదు. కాఫీ తాగాను. అమ్మ పెట్టిన నాలుగు ఇడ్లీలు అల్లం పచ్చడితో తిన్నాను. టిఫిన్ అయిన పావుగంటకి కుడి పక్కటెముక కింద ఒక తన్ను తన్నడం దానికి అలవాటు. అదీ లేదు. అమ్మతో అంటే, "ఎనిమిదో నెల కదమ్మా, చోటు చాలదు, ఇంక తగ్గుతాయిలే" అంది. నేనూ సరే అనుకున్నాను. అనుకుని గదిలోకెళ్ళి తలుపు దగ్గరగా వేసి బీరువాలో నుంచి బిడ్డ గుండె చప్పుడు వినే ఆ మిషన్ తీశాను.

దాన్ని కొన్నది 14వ వారంలో. అరచేతిలో పట్టే డబ్బా, దానికి మెలికల వైరు, వైరు చివర గుండ్రటి మొన. పొట్ట మీద జెల్ రాసి ఆ మొన ఆనిస్తే గుండె చప్పుడు వినిపిస్తుంది, డబ్బా మీద అంకె కనిపిస్తుంది. మా ఆయన వద్దన్నారు. నేనే పట్టుబట్టాను. రెండేళ్ళ కిందట తొమ్మిదో వారంలో స్కానింగ్ గదిలో జరిగింది నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. డాక్టరు గారు తెరను కొంచెం తన వైపు తిప్పుకుని, ఏమీ మాట్లాడకుండా, మళ్ళీ మళ్ళీ చూశారు. ఎదురుగా గోడ మీద "ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు" అన్న బోర్డు. ఆ అక్షరాలు ఎన్నిసార్లు చదివానో. అప్పటికి గుండె ఆగి వారం అయ్యుంటుందన్నారు. ఆ వారమంతా నేను కాలేజీకి వెళ్ళాను, పాఠాలు చెప్పాను, నవ్వాను, నాకేమీ తెలియలేదు. ఈసారి తెలియకుండా ఉండకూడదనుకున్నాను. అందుకే కొన్నాను.

మొదటిసారి వినిపించిన రోజు ఎలా చెప్పను! 16వ వారం. అరగంట వెతికితే హుష్ హుష్ మని గాలి లాంటి చప్పుడు, దాని వెనక నుంచి టకటకటకమని సన్నగా, వేగంగా. అందరూ గుర్రం పరుగులా ఉంటుందంటారు. నాకు మాత్రం అమ్మ కుట్టు మిషన్ గుర్తొచ్చింది. లంగా అంచు తిన్నగా కుట్టుకుంటూ పోయేటప్పుడు తొక్కుడు ఎక్కడా ఆగదు చూడండి, అచ్చం అలాగే. అంకె 154. ఏడ్చేశాను.

అప్పటి నుంచి వినడం మొదలైంది. మొదట ఆదివారాలు, తర్వాత రోజు విడిచి రోజు, మే సెలవుల్లో శ్రీమంతం అయ్యి పుట్టింటికి వచ్చాక రోజుకు రెండుసార్లు. విన్న గంటసేపు ప్రాణం హాయిగా ఉంటుంది. తర్వాత మళ్ళీ టెన్షన్.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. డాప్లర్ ప్రభావం ఇన్నేళ్ళుగా సెకండియర్‌కి చెబుతూ వచ్చిన పాఠమే. 1842లో ఆస్ట్రియాకు చెందిన క్రిస్టియన్ డాప్లర్ చెప్పాడు. మన వైపు వచ్చే బండి కూత కీచుగా, మనల్ని దాటి పోయే బండి కూత బొంగురుగా వినిపిస్తుంది. మూడేళ్ళ తర్వాత హాలండ్‌లో రైలు మీద బాకాలు ఊదేవాళ్ళను ఎక్కించి మరీ పరీక్షించి చూశారు. తెనాలిలో పుట్టిన పిల్లకు ఈ పాఠం వేరే చెప్పక్కర్లేదు. ఈ మిషన్ చేసేదీ అదే. చెవికి అందని తరంగాలను లోపలికి పంపుతుంది. కదిలే వాటికి తగిలి తిరిగొచ్చినప్పుడు వాటిలో వచ్చిన తేడాను మనకు వినిపించే చప్పుడుగా మార్చి ఇస్తుంది. అంటే ఇన్నాళ్ళూ నేను వింటున్నది నా బిడ్డ గుండె చప్పుడు కాదు. లోపల ఏదో కదులుతోందన్న కబురును ఆ డబ్బా చప్పుడు చేసి చెబుతోంది. ఏది కదులుతోందో దానికి తెలియదు. బిడ్డ గుండె అయినా, మావిలో పారే రక్తం అయినా, నా సొంత రక్తనాళం అయినా దానికి ఒకటే. ఇది బోర్డు మీద బొమ్మ గీసి వందమందికి చెప్పగలను. మంచం మీద పడుకుని పొట్ట మీద ఆనించుకున్నప్పుడు ఒక్కనాడూ గుర్తు రాలేదు.

ఈరోజు జెల్ సీసా అడుగంటింది. పిండి పిండి రెండు చుక్కలు రాసుకున్నాను. బొడ్డు కింద ఎడమ పక్క, ఎప్పుడూ దొరికే చోట దొరకలేదు. కుడి పక్కకి జరిపాను. హుష్ హుష్. పైకి జరిపాను, గరగర. పావుగంట అయింది. బ్యాటరీలు తీసి చొక్కాకి తుడిచి మళ్ళీ పెట్టాను. ఇంకో పావుగంట. చివరికి కుడి గజ్జ దగ్గర గట్టిగా, స్పష్టంగా వినిపించింది. అంకె 108, 110, 112 దగ్గర నిలబడింది.

110 నుంచి 160 దాకా ఉంటే మంచిదే అని నాకు నోటికొచ్చు. 112. లోపలే ఉందిగా! ఊపిరి వదిలాను. మిషన్ కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోదామనుకున్నాను కూడా.

అప్పుడు ఎడమ పక్కకి తిరిగి ఉన్నాను. చెవి దిండుకి ఆని ఉంది. దిండులో నా గుండె చప్పుడు దబ్ దబ్ మని చెవికి కొడుతోంది. మిషన్‌లో చప్పుడూ అప్పుడే కొడుతోంది. చెవిలో దబ్ మన్నప్పుడల్లా డబ్బాలో హుష్. మణికట్టు మీద రెండు వేళ్ళు పెట్టి నాడి చూశాను. ఒక్క దెబ్బ కూడా తేడా లేదు.

ఆ 112 నాది.

కడుపుతో ఉన్నప్పుడు తల్లి నాడి మామూలుగానే కాస్త పెరుగుతుంది. అరగంట నుంచి నేను భయంతో వణికిపోతున్నాను, ఇంకా పెరిగింది. నా భయమే నా గుండెను పరుగెత్తించి, సరిగ్గా బిడ్డకు ఉండాల్సిన అంకె దగ్గర తెచ్చి నిలబెట్టింది. నేను దాన్ని చూసి ధైర్యపడ్డాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతులు చల్లబడుతున్నాయి.

అమ్మ వసారాలో జాకెట్టు కుడుతోంది. శ్రావణ మాసం దగ్గరకొస్తోంది కదా, రద్దీ మామూలుగా లేదు. "అమ్మా, బుజ్జి కదలట్లేదే" అన్నాను. పొద్దున చెప్పినట్టు చెప్పలేదేమో, నా మొహం చూసి పాదం తీసేసింది. సూది గుడ్డలో దిగి అలాగే ఉండిపోయింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా సందు చివరికి పరుగెత్తి ఆటో తెచ్చింది. 62 ఏళ్ళ మనిషి.

ఆస్పత్రిలో చీటీ, వరస ఏమీ అడగలేదు. కదలికలు తగ్గాయనగానే సిస్టర్ నేరుగా లోపలికి తీసుకెళ్ళి ఎన్‌ఎస్‌టీ (నాన్ స్ట్రెస్ టెస్ట్) పెట్టింది. పొట్టకి రెండు బెల్టులు, ఒకటి బిడ్డ గుండెకి, ఇంకోటి పొట్ట బిగుసుకోవడం చూడ్డానికి. చేతిలో ఒక బటన్, బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కాలి. సిస్టర్ ముందు చేత్తో తడిమి వీపు ఎటుందో చూసి, తర్వాత ఆనించింది. పది సెకన్లు పట్టిందేమో. టకటకటక. 140. ఆమె వేళ్ళు అప్పటికే నా మణికట్టు మీద ఉన్నాయి, నా నాడి ఎంతో, అది ఎంతో విడిగా చూసుకోవడానికి. అది చూసి కళ్ళు తిరిగినంత పనైంది. ఆమెకి ఆ పని అంత మామూలు.

బుజ్జి ముసుగుతన్ని నిద్రపోతున్నట్టుంది. పది నిమిషాల దాకా గీత బల్లపరుపుగానే నడిచింది. తర్వాత పక్కటెముక కింద ఒక్క తన్ను. బటన్ నొక్కాను. కాగితం మీద గీత కొండలా లేచింది. బిడ్డ కదిలినప్పుడు గుండె వేగం నిమిషానికి కనీసం 15 దెబ్బలు పెరిగి, కనీసం 15 సెకన్లు నిలవాలట. 20 నిమిషాల్లో అలా రెండుసార్లు వస్తే బాగున్నట్టు. మాది నాలుగుసార్లు లేచింది. ఉమ్మనీరు కూడా చూశారు, బాగానే ఉంది.

డాక్టరమ్మ కాగితం చూసి నవ్వారు కానీ, ఇంట్లో అరగంట పైన మిషన్‌తో వెతికానని చెప్పగానే నవ్వు పోయింది. కోప్పడలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. "చూడమ్మా, గుండె ఆగడం అన్నది ఆఖరున వచ్చే కబురు. కదలిక తగ్గడం దానికంటే ఎంతో ముందొచ్చే కబురు. నువ్వు ముందొచ్చిన కబురుని పక్కన పెట్టి, ఆఖరి కబురు కోసం చెవి పెట్టుకుని కూర్చుంటున్నావు. మిషన్‌లో బిడ్డ గుండే వినిపించిందనుకో, అయినా కదలిక తగ్గితే రావాల్సిందే. అర్ధరాత్రయినా సరే." నెలలు నిండేకొద్దీ కదలికలు తగ్గుతాయన్న మాట కూడా తప్పన్నారు. కదిలే తీరు మారచ్చు, దొర్లడం, ఒరుసుకోవడం ఎక్కువవుతుంది, కానీ లెక్క తగ్గకూడదట. అమ్మ తల వంచుకుంది. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

2009లో ఇంగ్లండ్ వైద్య పత్రిక బీఎంజేలో ఒక తల్లి సంగతి వచ్చింది. నెలలు నిండాయి, కదలికలు తగ్గాయి, ఇంట్లో మిషన్‌తో విని పర్వాలేదనుకుంది. ఆస్పత్రికి వెళ్ళేసరికి బిడ్డ దక్కలేదు. ఆమె విన్నది తన నాడో, మావిలో రక్తం చప్పుడో అయ్యుండచ్చని డాక్టర్లు రాశారు. సాయంత్రం అది చదివి చాలాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆవిడకి నాకు మల్లే చెవి దిండుకి ఆనలేదు, అంతే తేడా.

మధ్యాహ్నం పక్కింటి పిన్ని చూడ్డానికొచ్చింది. "ఎంత కొట్టుకుందే? 140 దాటితే ఆడపిల్ల" అంది. గుండె వేగానికీ ఆడా మగా అన్నదానికీ సంబంధం లేదు పిన్నీ అని చెప్పాను. తను నమ్మలేదు. ఆ అంకె ఇంటింటా ఎన్ని రకాలుగా తిరుగుతుందో!

పిన్ని వెళ్ళాక అమ్మ ఒక సంగతి చెప్పింది, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. నేను కడుపులో ఉన్నప్పుడు సర్కారు ఆస్పత్రి నర్సమ్మ చిన్న అల్యూమినియం బాకా లాంటిది పొట్ట మీద పెట్టి, ఇంకో చివర తన చెవి ఆనించి వినేదట. 1895లో పారిస్ డాక్టరు పినార్డ్ తయారుచేసిన గొట్టం తీరుదే అది. బ్యాటరీ లేదు, అంకె లేదు. చెవి ఆనించి, వాచీ చూసుకుంటూ లెక్కపెట్టేదట. "నాకు వినిపించేది కాదే. ఆవిడ మొహం చూస్తూ ఉండేదాన్ని" అంది అమ్మ. ఆ నర్సమ్మ విన్నది మాత్రం నిజంగా నా గుండె చప్పుడే. మార్చి ఇచ్చింది కాదు.

మిషన్‌ని పారేయలేదు. బ్యాటరీలు తీసేసి అమ్మ చేతికిచ్చాను, బీరువా పై అరలో చీరల కింద పెట్టింది. చెయ్యి ఖాళీగా ఉంటే అటే పోతుందని నాకు తెలుసు.

రాత్రి తొమ్మిదికి మా ఆయన ఫోన్ చేశారు. పొద్దున జరిగిందంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఒక్కసారి వినిపించవా" అన్నారు. ఈయనే కదా వద్దన్న మనిషి! "వద్దండీ. ఆదివారం వచ్చి చెయ్యి పెట్టి చూడండి" అన్నాను.

భోజనం అయ్యాక ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను. రెండు గంటల్లో పది కదలికలు రావాలి, రాకపోతే ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి. లెక్క తప్పుతానేమోనంటే అమ్మ జాకెట్టు హుక్కుల డబ్బా తెచ్చి, పది హుక్కులు లెక్కపెట్టి నా అరచేతిలో పోసింది. కదిలినప్పుడల్లా ఒకటి స్టీలు గిన్నెలో వెయ్యమంది. వసారాలో పొద్దున వదిలేసిన జాకెట్టు మళ్ళీ మొదలుపెట్టింది. మిషన్ నడుస్తోంది.

మొదటి హుక్కు 9:25కి. 9:31కి రెండు ఒకేసారి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, గిన్నె వైపు చూడకుండా పైన ఫ్యాను చూస్తూ పడుకున్నాను. 9:58కి పెద్దగా ఒక దొర్లు, పొట్ట అంతా ఒక పక్కకి ఒరిగింది. నాలుగు. ఐదు. హుక్కు గిన్నెలో పడ్డప్పుడల్లా అమ్మ తొక్కుడు ఆపి, విని, మళ్ళీ తొక్కుతోంది.

ఇప్పుడు 10:20. తొమ్మిది పడ్డాయి. ఒకటి నా చేతిలో ఉంది.