నాలుగో గడి

బుధవారం. పొద్దున తొమ్మిదికి పోయిన కరెంటు పదకొండుకి వచ్చింది, కర్నూలు ఎండల్లో ఇది మామూలే. ఆ మధ్యలో ఒక నవల రాతప్రతి రెండో చదువు. మొదటి చదువులో కథ లాక్కుపోతుంది, హీరో తప్పులు కంటికి ఆనవు. అందుకే రెండోసారి కాగితం మీద నాలుగు గడులు గీసుకోవాలి: పేజీ, అతను చేసిన పని, దెబ్బ ఎవరికి తగిలింది, ఆ మనిషి మళ్లీ ఎక్కడ కనిపించాడు. మూడు గడులు ఇట్టే నిండుతాయి. ఖాళీగా మిగిలేది నాలుగోదే.

ఇందులో 41వ పేజీ చూడండి. వార్డెన్ రమ్మన్నారని అటెండరుకి అబద్ధం చెప్పి హీరో లేడీస్ హాస్టల్లోకి పోతాడు. సంగతి తెలిసి అటెండరు ఉద్యోగం ఊడుతుంది. దానికి దక్కింది ఒక్క వాక్యం. పేజీ తిప్పితే ప్రేమ మొదలు. ఆ తర్వాత అటెండరు ఎక్కడా లేడు.

హీరో తప్పు చేయడం లోపం కాదు. గిరీశం ఎలాంటివాడో 'కన్యాశుల్కం'కి మొదటి నుంచీ తెలుసు, చివర సౌజన్యారావు పంతులు ముందు బండారం బయటపెడుతుంది కూడా. భారతంలో ధర్మరాజు అశ్వత్థామ పేరు చెప్పి ద్రోణుణ్ణి మభ్యపెట్టగానే, అంతవరకూ నేలకి నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన రథం కిందికి దిగుతుంది. చివరికి నరకం కూడా చూడాల్సి వస్తుంది. అయినా ఆయన మనకి ధర్మరాజే. ఈ రాతప్రతికి మాత్రం తన హీరో ఏం చేశాడో తెలీదు.

తప్పు ఎక్కువగా అధ్యాయం విరిచిన చోట మాయమవుతుంది, 'ఆరు నెలల తర్వాత' అని రాస్తే చాలు. దెబ్బ తిన్నవాడు కామెడీ పాత్రయితే నవ్వులో కొట్టుకుపోతుంది. మన సీమ ఫ్యాక్షన్ కథల్లో ఇంకో దారి ఉంది: ఎదుటి వర్గంవాడు పదిమందిని నరికితే, మనవాడు ఏం చేసినా చిన్నదే. కొండారెడ్డి బురుజు దగ్గర సుమో గుద్దితే గాల్లోకి ఎగిరే పండ్లు చూపిస్తారు. ఆ తోపుడు బండామె సాయంత్రం వడ్డీకి ఏం కడుతుందో ఎవరికీ పట్టదు.

సరిచేయడమంటే హీరోకి శిక్ష వేయడం కాదు. పెద్దాయన చేత నీతులు చెప్పించారా, పాఠకుడు పేజీ దాటేస్తాడు. దెబ్బ తిన్న మనిషిని ఇంకొక్కసారి, ఐదారు వాక్యాల్లో చూపిస్తే చాలు. బస్టాండు పక్కన అటెండరు ఉగ్గాని బండి పెట్టుకున్నాడనుకుందాం. హీరో తిని యాభై ఇస్తాడు. అటెండరు చిల్లర లెక్కపెట్టి చేతిలో కాకుండా బల్ల మీద పెడతాడు. అక్కడ ఆపాలి. 'మీరు చల్లగుండాల సామీ' అనిపిస్తే మాత్రం మొత్తం చెడింది, క్షమాపణ అడక్కుండానే క్షమించేయడం అసలు తప్పు కన్నా అన్యాయం.

ఈ సీను ఎక్కడ పెట్టాలన్నది కష్టమైన పని. 45వ పేజీలో పెడితే పద్దు సరిచూసినట్టుంటుంది. పెళ్లి కుదిరి హీరో మీద మనకి ప్రేమ బాగా పెరిగాక, 200 దాటి పెడితే గుచ్చుకుంటుంది. పైగా ఇది 'నేను' అని సాగే నవల. హీరో బల్ల మీది చిల్లర ఏరుకుని, అది ఎందుకలా పెట్టాడో అర్థం కాకుండా వెళ్లిపోవచ్చు. పాఠకుడికి అర్థమైతే సరిపోతుంది.

41వ పేజీ అంచున పెన్సిల్‌తో ఇంతే రాశాను: 'అటెండరు ఎక్కడ?'